సూరత్‌లో ఒక హెడ్‌లైటు

సూరత్ లోక్‌సభ ఎన్నిక గురించి రాయడానికి వెళ్లినవాడిని, అక్కడ ఎక్కువ సేపు కూర్చున్నది మాత్రం ఒక పాత హీరో హోండా స్ప్లెండర్ ముందు. రాయవలసిన ఎన్నిక అప్పటికే ముగిసింది. 2024 ఏప్రిల్ 21న కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభానీ నామినేషన్‌ను తిరస్కరించారు. పత్రంపై ఉన్న సంతకాలు తమవి కావని ప్రతిపాదకులే చెప్పారు. మర్నాటికి మిగిలినవారంతా తప్పుకున్నారు. 1957 నుంచి ఐదుసార్లు మొరార్జీ దేశాయిని లోక్‌సభకు పంపిన స్థానంలో భాజపా అభ్యర్థి ముకేశ్ దలాల్ పోలింగ్ లేకుండానే ఎన్నికయ్యారు.

నేను దిగింది లింబాయత్‌లో, చిన్నాయన ఇంట్లో. సిరిసిల్లలో సాంచెలు నడిపి, ఇక్కడికి వచ్చి మళ్లీ సాంచెలే నడుపుతున్న మనిషి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు ఈ ఊరికి ఎంతగా వచ్చి స్థిరపడ్డారంటే, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. చిన్నాయనది పాండేసరాలో రాత్రి పాళీ. సాయంత్రం ఏడింటి నుంచి పొద్దున ఏడింటి దాకా. పోయేది చీకట్లో, లారీల మధ్య.

‘‘మూడు బల్బులు మార్చిన బిడ్డా. నెల పట్టకముందే మాడిపోతున్నయి. బ్యాటరీ గుడ కొత్తదేసిన’’ అన్నాడు. నెల కింద లైటు లేని రాత్రి ఎదురొచ్చిన హ్యాండ్‌కార్టు కనబడక గుద్దుకుని మోకాలు చీరుకున్నాడు. ఆ మాట పిన్ని చెప్పింది, ఆయన చెప్పలేదు.

ఆ కాలపు స్ప్లెండర్‌లో హెడ్‌లైటుకు బ్యాటరీతో సంబంధం లేదు. హారన్, ఇండికేటర్లు బ్యాటరీ మీద పనిచేస్తాయి. హెడ్‌లైటు, వెనక దీపం ఇంజన్‌తో పాటు తిరిగే మాగ్నెట్ పుట్టించే ఏసీ విద్యుత్తు మీద నేరుగా వెలుగుతాయి. అందుకే సిగ్నల్ దగ్గర బండి ఆగితే వెలుతురు మందగిస్తుంది, ఎక్సలేటర్ తిప్పితే పెరుగుతుంది. ఇది జబ్బు కాదు. ఇది తెలియక బ్యాటరీలు కొన్నవాళ్లు దేశంలో లక్షల్లో ఉంటారని నా అనుమానం. చిన్నాయన హారన్ ఖణేల్‌మని మోగుతోంది. బ్యాటరీ నిర్దోషి.

మరి బల్బులు ఎందుకు మాడుతున్నాయి? ఇంజన్ వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది. దాన్ని అదుపు చేసేది ఫ్రేముకు బిగించిన చిన్న అల్యూమినియం పెట్టె; మెకానిక్కులు ఆర్ఆర్ యూనిట్ అంటారు. బల్బుకు అక్కరలేని మిగులును అది ఎర్త్‌కు మళ్లిస్తుంది. ఆ ఎర్త్ దారి తెగితే మిగులంతా ఫిలమెంటు మీదే పడుతుంది. ముందు బల్బు మాడగానే దాని భారం కూడా వెనక దీపానికి చేరి, అదీ పోతుంది. రెండూ ఒకే రాత్రి పోయాయా అని అడిగాను. ‘‘ప్రతిసారీ గంతే’’ అన్నాడు.

మల్టీమీటర్ అడిగి తెచ్చాం. హెడ్‌లైటు కప్లర్ దగ్గర ఏసీ వోల్టేజీ చూస్తే, ఐడిల్‌లో ఉన్నంతసేపూ మామూలే. ఎక్సలేటర్ తిప్పగానే ఇరవై దాటింది. ఆర్ఆర్ యూనిట్ కప్లర్ ఊడదీశాం. హోండా బండ్లలో ఎర్త్ తీగ ఆకుపచ్చది. దాని పిన్ను మీద చిలుము పట్టి, లోపల నల్లగా కాలి ఉంది. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ ఊరిమీద పడినప్పుడు వీళ్లు రాందేర్‌లో ఉండేవారు. బండి మూడు రోజులు నీళ్లలో నానింది. తరువాత ఇంజన్ ఆయిల్ మార్చారు, సీటు మార్చారు. కప్లర్ లోపలికి ఎవరు చూస్తారు?

పెట్టెను అనుమానించి కొత్తది కొనే ముందు, ఆ ఆకుపచ్చ తీగ నుంచి ఒక వైరు ముక్కను గీకి శుభ్రం చేసిన ఫ్రేము బోల్టుకు కలిపి చూశాం. ఈసారి ఎంత రేజ్ చేసినా పద్నాలుగు దాటలేదు. పెట్టె బాగానే ఉంది. కొత్త పిన్ను, కొత్త కప్లర్, రెండు బల్బులు, కొన్నది అంతే.

పని సాగుతుండగా చిన్నాయన కొడుకు వచ్చాడు. వరాఛాలో ఎంబ్రాయిడరీ యూనిట్‌లో పని, కాపురం అక్కడే. మొదటి ఓటు ఈసారే.

‘‘నోటా అన్నా ఉంటది గదా అన్నా?’’

లేదని చెప్పాను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ ప్రకారం, సీటు ఒకటే, అభ్యర్థి ఒక్కరే అయితే రిటర్నింగ్ అధికారి ఎన్నికైనట్టు ప్రకటించాలి. 2013లో వచ్చిన నోటా పోలింగ్ జరిగితేనే. ‘‘మరి బాపుకు ఓటున్నది గదా?’’ అన్నాడు. ఉంది. సూరత్ నగరమంతా సూరత్ నియోజకవర్గం కాదు. లింబాయత్ నవసారి కిందికి వస్తుంది. ఒకే ఊళ్లో తండ్రికి మే 7న పోలింగు, కొడుకుకు లేదు. ఢిల్లీలో కూర్చుని ‘సూరత్ ఓటర్లు’ అని ఒక్కమాటలో రాసేసే మాకు ఈ గీత అంత తేలిగ్గా కనబడదు. (చిలుము పట్టిన ఎర్త్ తీగతో దీన్ని పోల్చాలని చెయ్యి లాగింది. రాజకీయ విలేకరికి ప్రతిదీ ఉపమానంగా కనబడే రోగం ఉంటుంది. మానుకున్నాను.) వాడికి చట్టం అర్థమైంది. న్యాయం మాత్రం అర్థం కాలేదన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం చిన్నాయన లైటు వేసుకుని పాళీకి వెళ్లాడు. గల్లీ మలుపు దగ్గర బండి నెమ్మదించి లైటు మందగించినప్పుడు పిన్ని కంగారుపడింది. అది అంతేనని చెప్పాను.

మే 7న ఫోన్ చేశాను. పాళీ దిగి నేరుగా బూత్‌కు వెళ్లి ఓటేసి వచ్చాడట. బల్బు సంగతి అడిగాను.

‘‘గదే బల్బు బిడ్డా. పోరడే ఇంక కోపం మీదున్నడు.’’