ఐరన్ షేక్

నా ఇంటిపేరు షేక్. కోస్తాలో ఏ ఊరి ఓటర్ల జాబితా తీసినా వరసబెట్టి పదిమంది షేకులు తగుల్తారు. దర్జీ షేకు, ఆర్టీసీ కండక్టర్ షేకు, సైకిల్ షాపు షేకు, పద్యాలు రాగయుక్తంగా చదివే తెలుగు మాస్టారు షేకు. అరబ్బీలో ఆ మాటకి పెద్దమనిషి అని అర్థమట. మా ఇళ్ళల్లో ఏ అర్థమూ లేదు. హాజరుపట్టీలో పేరుకి ముందు 'ఎస్‌కె' అని రెండక్షరాలు, అంతే.

ఆ షేకుకి ముందు 'ఐరన్' తగిలింది ఉక్కునగరంలో. స్టీల్ ప్లాంటు పిల్లాణ్ణి కాబట్టి అలా పిలిచేవాళ్ళేమో అనుకుంటారు, ఎవరికి చెప్పినా. కాదు. అది అమెరికా నుంచి డిష్ యాంటెన్నా మీదుగా దిగిన పేరు.

మా అబ్బా పల్నాడు నుంచి ప్లాంటులో ఉద్యోగానికొచ్చాడు. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని 1966లో ముప్ఫై రెండు ప్రాణాలు పోస్తే వచ్చిన ప్లాంటది. భూములు పోయిన నిర్వాసితుల గోడు వేరే కథ, ఇప్పటికీ ముగియని కథ. మా సెక్టారులో అన్ని జిల్లాల వాళ్ళూ ఉండేవాళ్ళు. శ్రీకాకుళం యాస పక్కన గోదావరి యాస, దాని పక్కన ఒరియా. సోవియట్ సాయంతో కట్టిన కర్మాగారం గనక ఆ దేశపు ఇంజనీర్లు కూడా వచ్చిపోయేవాళ్ళు. ఎవరు ఏ షిఫ్టుకి పోతున్నారన్నదే అక్కడ పెద్ద కులం. ఏ షిఫ్టు ఇంట్లో పగలు గోల చెయ్యొచ్చు, సి షిఫ్టు ఇంట్లో చెయ్యకూడదు. పిల్లలకి తెలిసిన ధర్మశాస్త్రం అదొక్కటే.

1991లో స్టార్ టీవీ వచ్చింది. ఏడాది రెండేళ్ళలో కేబులు వైరు మా వైపుకీ పాకింది. దూరదర్శన్‌లో ఆదివారం సినిమా కోసం వారమంతా కాచుకున్న కళ్ళకి ప్రైమ్ స్పోర్ట్స్‌లో డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కనపడింది. చూడ్డానికి టీవీ ఉన్న ఇంటికి చేరేవాళ్ళం, గడప దగ్గర హవాయి చెప్పుల గుట్ట. హల్క్ హోగన్, అల్టిమేట్ వారియర్, బ్రెట్ హార్ట్, శవపేటిక వెంటబెట్టుకొచ్చే అండర్‌టేకర్. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి లేచాడని సెక్టారు మొత్తం నమ్మేది. ఆ తర్వాత ట్రంప్ కార్డులు వచ్చాయి. ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు. లెక్కలంటే భయపడే పిల్లలు యోకోజునా బరువు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళు. ఆ యోకోజునా జపాన్ వాడని మాకు చెప్పారు. జపాన్‌కీ అతనికీ ఏ సంబంధమూ లేదు, సమోవా సంతతి అమెరికన్. ఈ సంగతి తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఐరన్ షేక్ అప్పటికి పాతబడ్డవాడు. వీడియో లైబ్రరీ నుంచి తెచ్చిన క్యాసెట్లో చూశాం. నున్నటి గుండు, పైకి మెలేసిన మీసం, మొనలు తిరిగిన బూట్లు, చేతిలో ఇరాన్ జెండా. మైకు తీసుకుని ఇరాన్ నంబర్ వన్ అని అరిచి, అమెరికా పేరెత్తి తుపుక్కున ఉమ్మేవాడు. ప్రత్యర్థిని బోర్లా పడేసి వీపు మీద కూర్చుని, గడ్డం కింద రెండు చేతులేసి వెనక్కి విరిచేవాడు. అది క్యామెల్ క్లచ్, ఒంటె పట్టు. 1984 జనవరి 23న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హోగన్ ఆ పట్టులోంచి లేచి, అతన్ని వీపు మీద మోసుకుంటూ పోయి మూల స్తంభానికేసి కొట్టి, ఆరు నిమిషాలు తిరక్కుండా బెల్టు లాక్కున్నాడు. హల్క్ హోగన్ గాలి అక్కణ్ణుంచే వీచింది.

గ్రౌండులో ఆట మొదలయ్యేటప్పుడు పాత్రలు పంచేది పై క్వార్టర్ అన్న. నా దగ్గరకొచ్చేసరికి ఆలోచించే పనే లేదు. "నువ్వు షేక్ కదరా, నువ్వే ఐరన్ షేక్." అబద్ధమెందుకు, నాకు మొదట్లో గర్వంగానే ఉండేది. రావులూ నాయుళ్ళూ శర్మలూ, వాళ్ళ ఇంటిపేరు అమెరికా టీవీలో ఎక్కడుంది? మాదుంది. అమ్మ చున్నీ తలకి చుట్టుకుని, మీసం బొగ్గుతో దిద్దుకుని దిగేవాణ్ణి.

ఆటకి రూలొకటి ఉండేది, ఎవరూ రాయనిది. షేక్ ముందు బాగా కొట్టాలి. తర్వాత ఓడిపోవాలి. ఒక రోజు హోగన్ అయినవాడు నా ఒంటె పట్టులోంచి లేవలేకపోయాడు. నేను బలంగా ఏమీ పట్టలేదు, వాడు బక్కవాడు. పై క్వార్టర్ అన్న ఆట ఆపేశాడు. "షేక్ గెలవడానికి లేదు. మళ్ళీ మొదట్నించి." మళ్ళీ మొదట్నించి ఆడాం. చుట్టూ కూచున్న పిల్లలు టీవీలో విన్నట్టే "యూఎస్ఏ, యూఎస్ఏ" అని చప్పట్లు. సోవియట్ యంత్రాల మీద తండ్రులు ఇనుము కరిగిస్తుంటే, కంచెకి ఇవతల కొడుకులు అమెరికాకి జై కొట్టడం! ఆ క్యాసెట్లోనే ఐరన్ షేక్ జోడీగా నికొలాయ్ వోల్కాఫ్ అని ఒక 'రష్యన్' ఉండేవాడు. సోవియట్ జాతీయగీతం పాడి జనంతో తిట్లు తినేవాడు. ఇద్దరూ కలిసి 1985లో మొదటి రెసిల్‌మేనియాలో జోడీల బెల్టు గెలిచారు కూడా. వోల్కాఫ్ పుట్టింది యుగోస్లావియాలో, క్రొయేషియా వాడు.

ఇక అసలు ఐరన్ షేక్. అతని పేరు హొస్సేన్ ఖోస్రో అలీ వజీరీ. ఇరాన్‌లో నిజమైన కుస్తీ పట్టినవాడు. అమెరికా వచ్చి 1971లో అమెచ్యూర్ గ్రీకో రోమన్‌లో జాతీయ విజేత అయ్యాడు, 1972 ఒలింపిక్స్‌కి అమెరికా జట్టుకి సహాయ శిక్షకుడు. అమెరికా కుర్రాళ్ళకి పట్లు నేర్పినవాడే అమెరికా మీద ఉమ్మడానికి జీతగాడయ్యాడు. 1979లో టెహరాన్‌లో అమెరికా దౌత్య కార్యాలయం చిక్కులో పడ్డాక అక్కడి జనానికి కోపం తీర్చుకోడానికి ఒక ఇరానీ మొహం కావాలి. ఈయన మొహం అద్దెకిచ్చాడు. 1991లో గల్ఫ్ యుద్ధం వచ్చేసరికి ఇరానీ కోపం పాతబడి ఇరాకీ కోపం కావాల్సి వచ్చింది. అదే మనిషికి సైనిక దుస్తులు తొడిగి 'కల్నల్ ముస్తఫా' అని పేరు పెట్టి, సద్దాం పక్షాన నిలబెట్టారు. ఎనిమిదేళ్ళు ఇరాకుతో యుద్ధం చేసి లక్షల బిడ్డల్ని పోగొట్టుకున్న దేశంవాణ్ణి ఇరాక్ కల్నల్ చేశారు! చూసేవాళ్ళకి తేడా అక్కర్లేదు. ఇంకో మాట. అతనికంటే ముందు దశాబ్దాల పాటు 'ది షేక్' అనే పేరుతో జనాన్ని హడలగొట్టిన ఎడ్ ఫర్హత్ మిచిగన్‌లో పుట్టిన లెబనీస్ క్రైస్తవుడు. ఒంటె పట్టు అసలు మెక్సికో మల్లుడి దగ్గర పుట్టిందట. నా ఇంటిపేరుతో అంత వ్యాపారం జరిగింది, అందులో మావాళ్ళెంతమందో లెక్కేసుకుంటే నవ్వొస్తుంది.

అప్పట్లో నవ్వు రాలేదు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు మా ప్లాంటుని జాతికి అంకితం చేశాడు. అబ్బా ఇంటికొచ్చి ఆ సంబరం రాత్రంతా చెప్పాడు. నాలుగు నెలలు దాటగానే, అదే ప్రధాని ఢిల్లీలో ఉండగా, డిసెంబర్ 6న అయోధ్యలో మసీదు కూలింది. మా సెక్టారులో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. అది చెప్పాలి. కాకపోతే గ్రౌండులో మాట మారింది. 'ఐరన్' రాలిపోయింది, ఉత్త 'షేక్' మిగిలింది. ఆ తర్వాత 'మీవాళ్ళు' వచ్చింది. మీవాళ్ళు బాంబులు పెడతారట, మీవాళ్ళు పాకిస్తాన్ గెలిస్తే టపాకాయలు కాలుస్తారట. ఎవరు మావాళ్ళు? ఇరాన్ నుంచి పోయి న్యూయార్క్‌లో ఉమ్మేవాడు మావాడా? పక్క క్వార్టర్‌లో పులిహోర గిన్నె అందించే అత్తయ్య మావాళ్ళలో లేదా? తొమ్మిదేళ్ళవాణ్ణి, ఈ ప్రశ్నలు ఇలా వెయ్యడం రాదు. ఆటకి పోవడం మానేశాను.

ఎందుకు పోవట్లేదని అబ్బా అడిగాడు. బి షిఫ్టు నుంచొచ్చి అన్నం తింటున్నాడు. చెప్పాను, షేక్ ఎప్పుడూ ఓడిపోవాలంటున్నారని. అబ్బా ముద్ద ఆపి నావంక చూశాడు. "ఒరే, ఆడు ఓడిపోడానికి జీతం తీసుకుంటాడు. నువ్వెందుకురా ఉత్తపుణ్యానికి ఓడిపోతావు?"

ఇంతకంటే పెద్ద మాట నాకు ఏ సిద్ధాంత గ్రంథంలోనూ దొరకలేదు.

అబ్బాకి ఆ టీవీ కుస్తీ అంటే చులకన. కారణముంది. మా దాదా పల్నాడులో తాలింఖానా నడిపినవాడు. పిల్లలకి దండీలు, బస్కీలు, కర్రసాము నేర్పేవాడు. గోదా మట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలిపి తవ్వేవాళ్ళట. ఒక గోడకి హనుమంతుడి పటం. మట్టి తాకి కళ్ళకద్దుకునేటప్పుడు కొందరు జై బజరంగబలీ అనేవాళ్ళు, కొందరు యా అలీ అనేవాళ్ళు. పీర్ల పండక్కి సాము చేస్తూ అలాయి చుట్టూ తిరిగేది ఆ కుర్రాళ్ళే, అన్ని కులాల కుర్రాళ్ళు. ఊరంతా దాదాని 'వస్తాదు గారు' అనేది. ఎవరి వీపు మట్టికి ఆనితే వాడు ఓడినట్టు. ఆ పక్కరోజు మళ్ళీ పట్టొచ్చు. దేశభక్తితో పని లేదు.

ఆ మాటలు చూడండి. కుస్తీ అన్న మాట పారశీకం. పహిల్వాన్ పారశీకం. వస్తాదు 'ఉస్తాద్'కి తెలుగు నోరు. తాలింఖానాలో తాలీమ్ అరబ్బీ, ఖానా పారశీకం. ఇరాన్‌లో ఇప్పటికీ వ్యాయామశాలని జూర్ఖానా అంటారు, బలానికి ఇల్లు అని. అందులో అలీని తలుచుకుంటూ డోలు దరువుకి బరువైన గదల్లాంటి కర్రలు తిప్పుతారు. ఐరన్ షేక్ బరిలోకి తెచ్చి గిరగిరా తిప్పి వెక్కిరింతలు తిన్న కర్రలు అవే. మా దాదా గోడకి ఆనించి ఉండే కర్రలకి అవి దాయాదులు. తెలుగువాడు రోజూ పత్రికలో 'కుర్చీ కోసం కుస్తీ' అని చదువుతాడు. ఆ మాట ఎక్కణ్ణుంచొచ్చిందని ఎవడూ వేలెత్తి చూపడు. మాటకున్న పౌరసత్వం మనిషికి ఎందుకుండదు? గామా పహిల్వాన్ని తీసుకోండి. అమృత్‌సర్ వైపు వాడు, 1910లో లండన్ దాకా పోయి జ్బిస్కోతో తలపడ్డాడు, 1928లో పటియాలాలో అతన్ని నిమిషంలోపే పడగొట్టాడు. విభజనలో లాహోర్ వైపు మిగిలాడు గనక మన పిల్లల నోట ఆ పేరు తగ్గింది. వీరఘట్టం కోడి రామ్మూర్తి గురించి మా వైపు పిల్లలందరికీ తెలుసు, తెలియాలి కూడా. పక్కన ఈ పేరూ ఉంటే ఆయన ఘనత ఏం తరిగింది?

టీవీ కుస్తీ నాటకమని కంపెనీవాళ్ళే ఒప్పుకున్నారు. 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు, ఇది పోటీ కాదు వినోదం అన్నారు, క్రీడల కమిషన్ అజమాయిషీ తప్పించుకోడానికి. అంతకు రెండేళ్ళ ముందు ఐరన్ షేకూ, బరిలో అతనికి బద్ధశత్రువైన 'దేశభక్తుడు' జిమ్ డగ్గనూ ఒకే కారులో పోతూ మత్తుపదార్థాలతో న్యూజెర్సీ పోలీసులకి చిక్కారు. మత్తు కంటే పెద్ద రభస, శత్రువులిద్దరూ ఒకే కారులో దొరకడం. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఈ ఉదంతం చదివినప్పుడల్లా మన నాయకులు కొందరు గుర్తొస్తారు. సభలో ఒకర్నొకరు చీల్చేసుకుని, పెళ్ళి పందిట్లో పక్కపక్క కుర్చీల్లో కూచునేవాళ్ళు. కింద కొట్టుకుని తలలు పగిలేది మనకి.

2005 నాటికి నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. అప్పుడొచ్చాడు 'మహమ్మద్ హసన్' అని ఒక కొత్తవాడు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికాలో అరబ్బులు పడే అవమానాల గురించి మైకు పట్టుకుని మాట్లాడేవాడు. అతను చెప్పిన వాటిలో చాలాభాగం నిజమే. ఆ నిజం చెప్పినందుకే జనం అతన్ని తిట్టాలి, అదీ కథ. ఫిర్యాదు చేసే ముస్లింని దుర్మార్గుడి పాత్రలో పెడితే ఫిర్యాదే దుర్మార్గమైపోతుంది. ఈ కిటుకు అమెరికాది మాత్రమే కాదని మీకు చెప్పక్కర్లేదు. చివరికి ముసుగులేసుకున్న మనుషులు అతని తరఫున అండర్‌టేకర్ గొంతు బిగించే ఘట్టం పెట్టారు. అది ప్రసారమైన రోజే, 2005 జులై 7న, లండన్‌లో బాంబులు పేలాయి. చానెల్ వద్దంది, పాత్రని తుడిచేశారు. ఆ వేషం కట్టిన కుర్రాడు మార్క్ కొపాని. ఇటాలియన్ సంతతి వాడు. కుస్తీ మానేసి తర్వాత ఒక బడికి ప్రిన్సిపాల్ అయ్యాడు. వేషం విప్పితే అతను ఎవరికీ అనుమానం రాని మనిషి. మాకు విప్పే వీలు లేదు.

వజీరీ 2023 జూన్‌లో పోయాడు. ఆ సెప్టెంబర్ 8న అదే కంపెనీ, ఇప్పుడు డబ్ల్యుడబ్ల్యుఈ, హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో ప్రదర్శన పెట్టింది. మా అబ్బాయి పోరు పడలేక తీసుకెళ్ళాను. వాడి అభిమాన మల్లుడు సామీ జైన్. కెనడాలో పుట్టిన సిరియన్ సంతతి ముస్లిం, ఎర్రగడ్డం, టోపీ. ఏ జెండా పట్టుకుని తిరగడు, ఎవరి మీదా ఉమ్మడు. ఆ ఏడాది మేలో జెడ్డాలో అరబ్బీలో నాలుగు మాటలు మాట్లాడితే స్టేడియం పైకప్పు లేచిపోయింది. హైదరాబాదులో అతని పాట మొదలవగానే మా వరసంతా లేచి గొంతు కలిపింది. బొట్టు పెట్టుకున్న కుర్రాళ్ళు, బుర్ఖా వేసుకున్న అమ్మాయిలు. మా వాడికి అతను ముస్లిం అని తెలుసా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. వాడు గొంతు పోయేలా పాడుతున్నాడు.

బయటికొచ్చాక అబ్బాకి ఫోన్ చేశాను. రిటైరై కూర్మన్నపాలెంలో ఉంటున్నాడు. 2021లో ప్లాంటు అమ్మేస్తామన్నప్పట్నించీ నిరసన దీక్షల కబుర్లే ఆయన లోకం.

"ఎవరు గెలిచార్రా?"

"జాన్ సీనా పక్షం, అబ్బా."

"అది నేనిక్కడ్నించే చెప్దును. టిక్కెట్టు ఎంతయింది?"