గడప మీది షేరూ

సౌదీ నౌకరీకి పోతూ ఒక దోస్తు తన రాట్‌వైలర్‌ను మాకిస్తానన్నాడు. పేరు షేరూ. రెండేళ్లది, యాభై కిలోలు. "రఖ్ లేంగే నా అబ్బా" అని మా చిన్నోడు జిద్ పట్టాడు. ఫుకట్‌గా వస్తుంది కదా అని వాడి హిసాబు. మాది టోలీచౌకిలో మూడో అంతస్తు, రెండు గదుల ఫ్లాటు.

"ఘర్‌మే కుత్తా? ఫరిష్తే నై ఆతే" అంది అమ్మీ. మందకు, పొలానికి, వేటకు కుక్కను పెట్టుకోవడం జాయిజే. ఊర్లో మా నానాకు మేకల దొడ్డి దగ్గర ఒకటుండేది. ఆ మాట గుర్తుచేసి, రెండు రోజులకని షేరూను తెచ్చాం.

లిఫ్టు చప్పుడైతే చాలు, లేచి గర్జించేది. మా వరండాలో నాలుగు ఫ్లాట్లు. పాలబ్బాయి, పార్సిల్ అబ్బాయి, పక్కింటి మెహమాన్లు అందరూ దానికి పరాయివాళ్లే. అది షరారత్ కాదు, పాపం దాని డ్యూటీ. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారేవి. అంత బరువు కుక్కలకు తుంటి కీళ్ల తక్లీఫ్ మామూలే, జారే నేల ఇంకా చెరుపు అన్నాడు డాక్టర్.

దోస్తు ఖర్చుల చిట్టా చూశాను. నెలకు తిండికే పది వేల పైన. నట్టల మందు, మత్తు మందు అన్నీ బరువు లెక్కనే. ఏటా రేబిస్ టీకా, మున్సిపల్ లైసెన్సు వేరే. ఫుకట్‌గా వచ్చింది కుక్క ఒక్కటే.

అపార్ట్‌మెంట్లో పెంపుడు కుక్కలను, వాటి లిఫ్టు వాడకాన్ని సొసైటీలు బంద్ చేయొద్దని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. హక్ మా వైపే ఉంది. కానీ ఎదురింటి ఆరేళ్ల పాప ఆ రెండు రోజులూ ఆడుకోవడానికి బయటికి రాలేదు. ఆ పాప భయానికి నా దగ్గర జవాబు లేదు.

అస్హాబె కహఫ్ కిస్సాలో కుక్క గుహ గడప మీద ముందుకాళ్లు చాచి ఉంటుంది. లోపల నిద్రపోయేవాళ్లకు అది కాపలా. మా ఫ్లాటుకు తలుపుంది గానీ, అలాంటి గడప ఏదీ?

షాద్‌నగర్ దిక్కు మామిడితోట ఉన్న ఇంకో దోస్తు ఒప్పుకున్నాడు. షేరూను దింపినప్పుడు చిన్నోడు ఏడ్చాడు. నేనూ మొహం పక్కకు తిప్పుకున్నాను. పోయిన జుమ్మా నాడు చూసొచ్చాం. మమ్మల్ని పసిగట్టి గేటు దగ్గర్నుంచి తోటంతా దద్దరిల్లేలా మొరిగింది.

వాపసు వస్తూ చిన్నోడే అన్నాడు: "అబ్బా, అంత మొరిగినా ఎవరూ చుప్ అనలేదు."