వంటింటి గడప

కొరియా, జపాన్ ప్రేమ సీరియళ్ళ మీద నా అభిప్రాయం రాస్తానంటే మా సంఘంలో కుర్రాళ్ళు నవ్వారు. "టీచరక్కా, కారంచేడు గురించి రాయి, చుండూరు గురించి రాయి. ఈ టీవీ కతలు మనకెందుకు?" అన్నారు. వాటి గురించి రాసినవాళ్ళున్నారు, ఇంకా రాస్తారు. కానీ మాదిగగూడెంలో పుట్టిన మనిషి ఏ దేశపు కథ చూసినా మాదిగ కళ్ళతోనే చూస్తుంది. ఆ చూపు గురించి రాయొద్దా? ప్రేమ మాట ఎత్తితే అది పనికిమాలిన మాటని ఎవరు చెప్పారు? చెరువు నీళ్ళ కోసం మనల్ని చంపారు. ప్రేమించినందుకూ చంపారు. రెంటి గురించీ మాట్లాడాల్సిందే.

2020లో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్ళు మూసేస్తే నా కూతురు ఇంటికొచ్చింది. బడి లేదు, మీటింగుల్లేవు. దాని ఫోన్లో మొదలైంది ఈ చూడ్డం. కింద ఇంగ్లీషులో పడే మాటల్ని అది చదివి తెలుగులో చెప్తుంటే నేనొక పక్క, మా అమ్మొక పక్క కూర్చొని చూసేవాళ్ళం. కొరియావైతే పదహారు భాగాలు, ఇరవై భాగాలు. జపాను వాళ్ళు పది పదకొండు భాగాల్లో తేల్చేస్తారు. లాక్‌డౌన్ అయిపోయింది గానీ చూడ్డం మాత్రం ఆగలేదు.

ముందు మంచే చెప్తా. మన సినిమా హీరో పిల్ల వెంటపడి, బస్సులో ఏడిపించి, ఆమె ఛీ కొడితే అదే ప్రేమంటాడు. ఆ సీరియళ్ళలో మగాడు చెయ్యి పట్టుకోడానికి ఎనిమిది భాగాలు తటపటాయిస్తాడు. ఆమె తిన్నదా లేదా కనుక్కుంటాడు. ఆమె చెప్పులు నొప్పి పెడుతుంటే కింద కూర్చొని చూస్తాడు. ఆడదాని పాదాల దగ్గర కూర్చున్న మగాణ్ణి చూసి మా అమ్మ నోరు నొక్కుకుంది. అన్నీ మంచివేనని కాదు. కోపమొస్తే మణికట్టు పట్టి ఈడ్చుకుపోవడం కొరియా హీరోలకి అలవాటు. దాన్ని కూడా ప్రేమనే చూపిస్తారు. అది నాకు గిట్టదు.

ఇంకో మంచి ఉంది. అక్కడ ఎవరూ "మీరేమిట్లు?" అని అడగరు. దేశంలో సగానికి దగ్గర జనం ఇంటిపేర్లు కిమ్, లీ, పార్క్. పేరు చెబితే ఏమీ తెలీదు. పేరు చెప్పి, ఎదుటి మనిషి మొహం మారకుండా ఉండటం ఎట్లుంటదో నాకు ఆ సీరియళ్ళలోనే తెలిసింది. అంటే అక్కడ పుట్టుక గోల లేదని కాదు. ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవాళ్ళు పెళ్ళాడకూడదని కొరియాలో చట్టమే ఉండేది. మన గోత్రాల లాంటిదే. 1997లో అక్కడి రాజ్యాంగ కోర్టు అది చెల్లదన్నది. 2005లో గానీ చట్టంలోంచి పోలేదు.

ఇప్పుడు నా కోపం చెప్తా. 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' అని 2009లో కొరియాలో వచ్చింది. మూలం జపాను బొమ్మల కథ, 2005లో జపాను టీవీలో కూడా వచ్చింది. కొరియా కథలో పిల్ల బట్టలుతికే షాపువాళ్ళ కూతురు. మనకైతే బట్టలుతకడం కులం. వాళ్ళకది షాపు, బోర్డు పెట్టుకొని బతకొచ్చు. ఆ పిల్ల గొప్పోళ్ళ బడికి బట్టలివ్వడానికి పోతుంది. అక్కడ నలుగురు షావుకారు కొడుకులు ఎవడికి ఎర్రకార్డు ఇస్తే వాణ్ణి బడంతా కలిసి హింసించాలి. అట్లా హింసపడ్డ పిల్లోడొకడు మేడ మీంచి దూకబోతాడు. ఈ పిల్ల కాపాడుతుంది. బాగుంది. తర్వాత ఆ ఎర్రకార్డుల ముఠా నాయకుడే హీరో! వాడి ఉంగరాల జుట్టు చూసి, వాడు చిన్నప్పుడు ఎంత ఒంటరిగా పెరిగాడో విని మనం కరిగిపోవాలట. మేడెక్కిన పిల్లోడి సంగతేంది? వాడి బాధ ఎవరికి పట్టింది? 2016 జనవరి 17 తర్వాత ఆ కథని నేను మామూలుగా చూడలేను. రోహిత్ వేములనీ, ఇంకో నలుగుర్నీ వెలేస్తే వెలివాడ కట్టుకొని కూర్చున్నారు గదా, ఆ ఎర్రకార్డు అదే. మేడ కింద ఏ పిల్లా బట్టల మూటతో రాలేదు.

'ద హెయిర్స్' అని 2013లో వచ్చింది. వారసులు అని అర్థం. హీరోయిన్ తల్లి ఒక కోటీశ్వరుడి ఇంట్లో పనిమనిషి. మాట రాని మనిషి. తల్లీకూతుళ్ళిద్దరూ ఆ ఇంట్లోనే చిన్న గదిలో ఉంటారు. ఆ ఇంటి కొడుకే హీరో. పిల్ల ఆ గొప్పింటి బడిలోనే చేరి, తాను పనిమనిషి కూతురునన్న సంగతి బయటపడకుండా దాచుకుంటూ తిరుగుతుంది. దాచుకోవడం నాకు తెలుసు. పట్నంలో ఇల్లు అద్దెకు వెతికిన ప్రతి మాదిగకీ తెలుసు. నేను కళ్ళు తుడుచుకుంటున్నా. మా అమ్మ మాత్రం ఫోను వైపు వంగి మనవరాలిని అడిగింది:

"ఏమ్మే, ఆ తల్లి వండిందే గదా వాళ్ళు తినేది?"

"అవునమ్మమ్మా, వంటంతా ఆమే చేసుద్ది."

"ఆ ఇంట్లోనే పడుకుంటన్నారు?"

"ఆ."

"మరింకేం బాధమ్మా దానికి?"

నా ఏడుపు అక్కడే ఆగిపోయింది.

మా అమ్మ ముప్పై ఏళ్ళు కామందు ఇంట చేసింది. గొడ్లచావిడిలో పేడ తీసింది, దొడ్డి చిమ్మింది, కల్లంలో తూర్పార పట్టింది. ఆ ఇంటి వంటిల్లు లోపల ఎట్లుంటదో ఈనాటికీ ఆమెకి తెలీదు. దొడ్డి గుమ్మం దగ్గర పైనుంచి పోస్తే దోసిట్లో తాగింది. ఆమె సత్తుగిన్నె కంప పక్కన విడిగా ఉండేది. ఆ గిన్నెకి తగలకుండా అన్నం పడేసేవాళ్ళు. నోరు ఉన్న మనిషే, గూడెంలో ఆమె అరిస్తే ఊరికి వినబడేది. ఆ గుమ్మం దగ్గర మాత్రం మూగదే.

అప్పుడర్థమైంది నాకు ఆ కథల గుట్టు. వాళ్ళు చూపించే పేదరికం వంటింట్లోకి రానిచ్చే పేదరికం. చేతివంట తినే పేదరికం. డబ్బు లేదు గానీ అంటు లేదు. కాబట్టే అత్తగారికి ఒక ఆయుధం చాలు, కవరు. కొరియా సీరియళ్ళు చూసేవాళ్ళందరికీ తెలుసు, హీరో తల్లి హోటల్లో కూర్చొని డబ్బు కవరు బల్ల మీద తోసి, నా కొడుకుని వదిలెయ్యమంటది. పిల్ల కవరు తిరిగి తోసేస్తది. మనం చప్పట్లు కొడతాం. మా పిల్లలకి కవరు రాదు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ని ఆసుపత్రి ముందు, కడుపుతో ఉన్న భార్య పక్కన నరికారు. ప్రణయ్ కుటుంబానికి డబ్బుకి లోటేం లేదు. చదువుంది, ఇల్లుంది. అక్కడ కూడా డబ్బు చేతులు మారింది, కాకపోతే కిరాయి హంతకుల చేతుల్లోకి. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పేదరికం అడ్డమైతే కష్టపడి దాటొచ్చు. పుట్టుక అడ్డమైతే ఎన్ని భాగాలు తీస్తే దాటతది?

పుట్టుక గురించి తీసిన సీరియల్ లేకపోలేదు. అదే 2018లో, జూలై నుంచి సెప్టెంబర్ దాకా 'మిస్టర్ సన్‌షైన్' కొరియాలో ప్రసారమైంది. ప్రణయ్ చనిపోయిన నెలలోనే అది ముగిసింది. నేను చూసిందేమో తర్వాత. వందేళ్ళ పైనాటి కొరియా కథ. ఏషిన్ అనే గొప్పింటి పిల్ల దేశం కోసం తుపాకీ పడుతుంది. ఆమెను ప్రేమించినవాళ్ళలో యూజీన్ బానిసల కొడుకు. యజమాని వల్ల అమ్మానాన్నల్ని పోగొట్టుకొని, అమెరికా పారిపోయి, అక్కడి సైన్యంలో అధికారై తిరిగొస్తాడు. ఇంకొకడు డాంగ్‌మే, కసాయివాళ్ళ కొడుకు. కొరియాలో ఆ కులాన్ని బెక్‌జాంగ్ అంటారు. గొడ్డుని కోయడం, తోలు పని, బుట్టలల్లడం వాళ్ళ పని. ఊరికి ఎడంగా ఉండేవాళ్ళు. చిన్నప్పుడు ఏషిన్ వాణ్ణి తన పల్లకిలో దాచి కాపాడుతుంది. ఆ దయని వాడు భరించలేకపోయాడు, ఆమెనే తిట్టాడు. పల్లకిలో కూర్చున్నవాళ్ళ జాలి ఎట్లుంటదో తెలిసినవాళ్ళకి ఆ తిట్టు అర్థమవుతుంది.

యూజీన్ బానిస పుట్టుక పుట్టాడని తెలిసినప్పుడు ఏషిన్ మొహం మారుతుంది. ఆ మొహం నేను చూశాను. స్టాఫ్‌రూములో చూశాను, అద్దె ఇంటి గుమ్మంలో చూశాను. సీరియల్లో మొట్టమొదటిసారి చూశాను. అప్పుడతను ఆమెని అడుగుతాడు, నువ్వు కాపాడాలనుకునే దేశంలో కసాయివాళ్ళకి చోటుందా, బానిసలకి చోటుందా అని. 1931లో అంబేద్కర్ గాంధీ ముందు కూర్చొని నాకు మాతృభూమి లేదన్నది ఇదే మాట కాదా? ఆ పిల్ల తర్వాత వచ్చి క్షమాపణ అడుగుతుంది. స్టాఫ్‌రూములో ఎవరూ అడగలేదు.

ఇంత మంచి కథలోనూ నాకొక పేచీ ఉంది. చివర్లో చావులు సరే, గొప్పింటివాడూ చస్తాడు. నేనడిగేది బతికినన్నాళ్ళు ఎవరికేం దక్కిందని. బానిస కొడుక్కి అమెరికా యూనిఫాం తొడిగితే ప్రేమ దక్కింది. కసాయి కొడుక్కి నెలకొక నాణెం దక్కింది. ఆమె తనకున్న బాకీని నెలకొక నాణెంగా తీర్చాలని అడుగుతాడు, ఆ వంకన నెలకోసారి చూడొచ్చని. కథ రాసినవాళ్ళ ఊహ కూడా తోలుపని చేసేవాళ్ళ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

చరిత్ర మాత్రం ఆగలేదు. కొరియాలో 1894 సంస్కరణలతో బానిసత్వాన్నీ, పుట్టుక అంతస్తుల్నీ రద్దు చేశారు. అయినా అవమానాలు పోలేదు. 1923లో జింజు పట్నంలో కసాయివాళ్ళు హ్యోంగ్‌ప్యోంగ్సా అనే సంఘం పెట్టుకున్నారు. మాంసం తూచే తక్కెడ ఉంది గదా, ఆ తక్కెడలా మనుషులు సమంగా ఉండాలని దానర్థం. అంతకు ముందేడు, 1922 మార్చి 3న జపాన్‌లో క్యోటోలో బురాకు జనం సుయిహేయిషా పెట్టుకున్నారు. వాళ్ళూ చచ్చిన గొడ్డుని తీసినవాళ్ళే, తోలు చేసినవాళ్ళే. మన మహద్ చెరువు పోరాటం 1927లో. మూడు దేశాల్లో మన పని చేసినవాళ్ళే ఐదేళ్ళ లోపల లేచి నిలబడ్డారు. ఈ సంగతి ఏ ప్రేమకథా నాకు చెప్పలేదు, నేనే వెతుక్కొని తెలుసుకున్నా.

జపాను సీరియళ్ళ మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే. 1871లోనే అక్కడ అంటరానితనం రద్దని ఉత్తర్వు వచ్చింది. కానీ పెళ్ళిళ్ళప్పుడు పిల్లదో పిల్లాడిదో పుట్టుపూర్వోత్తరాలు డిటెక్టివులతో కూపీ తీయించడం పోలేదు. 1975లో బురాకు పేటల జాబితాలు పుస్తకాలుగా అచ్చేసి కంపెనీలకు అమ్ముతున్నారని బయటపడింది. నేను చూసిన జపాను ప్రేమకథల్లో ఒక్కదాంట్లో కూడా ఆ మాట లేదు. ఆఫీసులున్నాయి, చెర్రీ పూలున్నాయి, రైలు స్టేషన్లున్నాయి. పేట లేదు.

అయినా ఒకటి మాత్రం ఆ దేశానికే ఇస్తా. 2016లో వచ్చిన 'ద ఫుల్‌టైమ్ వైఫ్ ఎస్కేపిస్ట్' లో చదువుకొని ఉద్యోగం పోయిన పిల్ల ఒకతని ఇంట్లో జీతానికి పనిచేస్తుంది. జనం కోసం ఇద్దరూ పెళ్ళయినట్టు చెప్పుకుంటారు. జీతం, గంటలు, సెలవులు అన్నీ రాసుకుంటారు. ప్రేమ కుదిరాక అతను లెక్కలేసి, నిజంగా పెళ్ళాడితే నీ జీతం మిగులుద్దని చూపిస్తాడు. ఆమె ఒప్పుకోదు. ప్రేమ పేరు చెప్పి ఊరికే పని చేయించుకోవడం దోపిడీ అంటుంది. మా ఆయన అంబేద్కర్ జయంతికి మైకు పట్టుకుంటే రెండు గంటలు మాట్లాడతాడు, వెట్టి గురించి కూడా. ఆ భాగం ఆయన్ని పక్కన కూర్చోబెట్టి చూపించా. చూశాడు. చూసి, "టీ పెట్టావా?" అన్నాడు. గూడెంలో కూడా ఆడదానికి తీరని వెట్టి ఉంది. దాని లెక్క అడగడం ఉద్యమాన్ని చీల్చడం కాదు.

ఇప్పుడు నా కూతురుకి ఇరవై నాలుగేళ్ళు. పట్నంలో ఉద్యోగం చేస్తోంది. ఈ మధ్య ఒక పిల్లోడి పేరు చెప్పింది, మంచోడంది. చెప్పులు నొప్పి పెడితే కింద కూర్చొని చూసే రకమేనంట. నేను వద్దనలేదు. సీరియళ్ళు నమ్మొద్దని కూడా చెప్పలేదు. ప్రేమంటే భయపెట్టి పిల్లల్ని పెంచితే చంపేవాళ్ళ పని మనమే చేసిపెట్టినట్టు. ఒక్కటే అడగమన్నా. వాళ్ళమ్మకి నీ జీతమెంతో చెప్పాడా అని కాదు, గూడెం పేరు చెప్పాడా అని అడుగు. మా అమ్మమ్మ మీ ఇంటికొస్తే మీ వంటింట్లో కూర వండుద్ది, మీ ఇంటిల్లిపాదీ కూర్చొని తింటారా అని అడుగు. అడిగినప్పుడు మాటలు వినొద్దు, మొహం చూడు అన్నా.

ఇంకా అడగలేదంట. మా అమ్మ మాత్రం ఏం కూర వండాలో ఆలోచిస్తోంది.