అర్ధరాత్రి ఎండలో

అలాస్కా, డాల్టన్ హైవే. ఆరుగురం, ఒక వ్యాను, డబ్బా నిండా పులిహోర. కోల్డ్‌ఫుట్‌లో ట్యాంకు నింపుకున్నాం. అక్కణ్ణుంచి డెడ్‌హార్స్ దాకా 386 కిలోమీటర్లు మళ్ళీ పెట్రోలు బంకు లేదు.

రోడ్డు వెంటే చమురు పైపు. లోపలి వేడికి నేలలో గడ్డకట్టిన మంచు కరగకుండా చాలాచోట్ల దాన్ని స్తంభాల మీద నిలబెట్టారు. 1,400 మీటర్ల పైన ఉన్న అటిగన్ కనుమ ఎక్కకముందే చెట్లు అయిపోయాయి. అవతల అంతా టండ్రానే. జూన్ నెల కదా, రాత్రి పన్నెండైనా ఎండ కాస్తూనే ఉంది.

దారంతా పాటల కోసం కొట్లాడుకున్న మేం, అక్కడ బండి దిగి పావుగంట సేపు ఒక్కరమూ నోరు విప్పలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒకటే మాట: స్టెప్నీలు రెండు పెట్టుకోండి. మాకు రెండూ పనికొచ్చాయి!