మాగాణి కాగితాలతో రెడింగ్ దాకా

"డిపాజిట్‌లో 28 వేల పౌన్లు మీ నాన్నగారిస్తున్నారని రాశారు. ఆయనకు అంత డబ్బు ఎలా వచ్చింది?" ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఇల్లు కొంటున్నప్పుడు మా సొలిసిటర్ పంపిన మెయిల్‌లో మొదటి ప్రశ్న ఇది. లోన్ ఇచ్చే సంస్థ కూడా అదే అడిగింది. ఇంటి ధర 4 లక్షల పౌన్లు. అందులో పది శాతం మేం పెట్టుకోవాలి. మా ఇద్దరి జీతాల్లో మిగిలిన 12 వేలకు పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సరిపోయాయి. మిగతాది వేమూరు వైపున్న మా 60 సెంట్ల మాగాణి అమ్మితే రావాలి.

బ్రిటన్‌లో ఇది మాటవరసకు అడిగే ప్రశ్న కాదు. 2017 నాటి మనీలాండరింగ్ నిబంధనల కింద కొనేవాడి డబ్బు ఎక్కడిదో సొలిసిటర్ తేల్చుకుని తీరాలి. తల్లిదండ్రులు ఇచ్చినదైతే వాళ్ళకెలా వచ్చిందో కూడా చూస్తారు. దొంగ డబ్బు లండన్ ఇళ్ళలోకి చేరుతోందని అక్కడ ఏళ్ళ తరబడి గొడవ జరిగింది. అడగడం న్యాయమే అనిపించింది నాకు. చిక్కల్లా మన దగ్గర ఆస్తి చేతులు మారే తీరులో ఉంది. అందుకే ఫోన్ల మీద తేలదని సంక్రాంతి వెళ్ళిన వారంలో బయల్దేరాను.

హీత్రూలో విమానమెక్కి హైదరాబాద్‌లో దిగి, నారాయణాద్రి పట్టుకుని తెనాలి చేరాను. తెల్లారి బాబాయి బండి మీద కాలవ గట్టున ఊరికి వెళ్తుంటే, కోతలైపోయిన మాగాణుల్లో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. నాన్న చేలోనే ఉన్నాడు. అమ్మేస్తున్న చేలో కూడా చెయ్యి ఊరుకోక కలుపు లాగుతున్నాడు.

అప్పటికి ఇద్దరు కొనడానికి వచ్చారు. ఒకాయన 46 లక్షలిస్తానన్నాడు. కాకపోతే దస్తావేజులో 24 లక్షలే రాయాలి, మిగతా 22 లక్షలు నోట్లు. రెండో ఆయన 42 లక్షలకే అడిగాడు, అంతా బ్యాంకు ద్వారా ఇస్తానన్నాడు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి దాదాపు ఏడున్నర శాతం అవుతుంది కాబట్టి ఎక్కువ రాసుకుంటే కొనేవాడికి భారం. మా వైపు ఊళ్ళలో మొదటాయన బేరమే మామూలు. అయితే 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదని చట్టం ఉంది. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా కట్టాల్సి రావచ్చు. పైగా ఆ నోట్లు బ్యాంకులో వేసినా, అవి ఈ పొలం తాలూకువే అని రెడింగ్‌లో చూపించే కాగితం ఏదీ?

నాన్న రాత్రంతా ఆలోచించాడు. పొద్దున్నే కాఫీ తాగుతూ, "లెక్కలో చూపించలేని డబ్బు నాకెందుకురా, 42కే రాసేద్దాం" అన్నాడు. ఎక్కడో ఇంగ్లండ్‌లో అడిగిన ప్రశ్న మా చేని ధరలో నాలుగు లక్షలు కోసేసింది. అయినా దస్తావేజులో అసలు ధర పడింది. తర్వాత చూపించిన ప్రతి కాగితమూ దాని మీదే నిలబడింది.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నాన్న బొటనవేలు మిషన్ మీద ఓ పట్టాన పడలేదు. చేలో పని చేసి చేసి గీతలరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, గట్టిగా అదిమి, చివరికి వేరే వేలితో కానిచ్చారు. ఆ రోజే 1986 నాటి పంపకాల దస్తావేజు నకలు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) కూడా తీసుకున్నాను. పొలం నాన్నకెలా వచ్చిందో కూడా సొలిసిటర్ అడిగారు మరి. తాతయ్య నుంచి వచ్చిన వాటా అని ఆ నకలు చెబుతుంది. అవన్నీ గుంటూరులో ఇంగ్లీషులోకి రాయించి నోటరీ చేయించాం.

తెనాలి ఆడిటర్ గారు మంచి సలహాలిచ్చారు. లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న మునిసిపాలిటీ హద్దుకు తిన్నగా కొలిస్తే 6 కిలోమీటర్ల అవతలున్న వ్యవసాయ భూమికి క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. తెనాలి నుంచి మాది ఆ దూరం దాటింది. దూరానికి రెవెన్యూ వాళ్ళ ధ్రువీకరణ తీసుకోమన్నారు. ఇక డబ్బు పంపడం. విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక్కొక్కరు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. కానీ 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ పేరుతో బ్యాంకు ముందుగానే పన్ను పట్టుకుంటుంది. 35 లక్షలు పంపాలంటే ఐదు లక్షలు అదనంగా ఉండాలి. అమ్మ ఖాతా నుంచి సగం పంపితే టీసీఎస్ తగ్గుతుంది. కానీ పొలం నాన్నది, డబ్బు అమ్మకెందుకొచ్చిందని మరో ప్రశ్న పుడుతుంది. దారి ఒక్కటే ఉండాలని అంతా నాన్న ఖాతా నుంచే పంపాం.

పేరు దగ్గర మరో మెలిక. పాసుపుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరమే. ఆధార్‌లో పూర్తిగా ముందుంది. పాస్‌పోర్టులో చివరికి వెళ్ళింది. మూడూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించాం.

నన్ను బాగా కదిలించింది గిఫ్ట్ లెటర్. ఈ డబ్బు తిరిగి అడగనని, ఆ ఇంట్లో తనకు ఏ హక్కూ ఉండదని నాన్న సంతకం పెట్టాలి. నేను తెలుగులో చదివి వినిపించాను. "కొడుకింట్లో నాకు హక్కు లేదని రాసివ్వాలా?" అన్నాడు. రేపు మేం వాయిదాలు కట్టలేకపోతే ఇల్లు అమ్ముకునేటప్పుడు ఎవరూ అడ్డు రాకూడదని లోన్ ఇచ్చేవాళ్ళు రాయించుకుంటారు, అంతే నాన్నా అన్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ప్రతి పేజీ కిందా నిదానంగా సంతకం చేశాడు. "వచ్చినప్పుడు అన్నం పెడితే చాల్లే" అన్నాడు. ఆ మాటకి నేనేమీ అనలేకపోయాను.

రెడింగ్ వచ్చాక ఒక్క ప్రశ్న మిగిలింది. రెండు లక్షల బయానా కొన్నాయన కొడుకు ఖాతా నుంచి పడింది, ఆయనెవరని. అమ్మకపు ఒప్పందంలో ఆ సంగతి రాసి ఉండడంతో అది పంపగానే సరేనన్నారు. కొనుగోలు ఒప్పందాలు మార్చుకునే ఎక్స్ఛేంజ్ రోజున 40 వేల పౌన్లు సొలిసిటర్ ఖాతాకు చేరాయి. టీసీఎస్ ఐదు లక్షలు నాన్న పాన్ మీద పన్ను వివరాల పత్రం 26ఏఎస్‌లో కనిపిస్తున్నాయి. జులైలోగా రిటర్న్ వేస్తే అవి వెనక్కి వస్తాయని, ఆడిటర్ గారు దాని నకలు ఇప్పుడే తీసి పెట్టుకున్నారు.