యంత్రనిద్ర – మేల్కొలుపు

నిద్ర ప్రాణులకు మాత్రమే దక్కిన వరమని మనము అనుకొంటాము. కాని నేటి కంప్యూటరుకు కూడ నిద్ర ఉన్నది. ల్యాప్‌టాప్ మూత మూయగానే తెర ఆరిపోతుంది, లోపలి ఫ్యాను ఆగిపోతుంది, బ్యాటరీ ఆదా అవుతుంది. తిరిగి మూత తెరిస్తే, విడిచిన వాక్యము విడిచిన చోటనే కనిపించవలెను. ఈ నిద్రకు కావలసిన నియమములను ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996లో ఏసీపీఐ అనే పేరుతో ప్రకటించినవి. నిద్రపుచ్చుట ఒక ఎత్తు, మేల్కొల్పుట మరొక ఎత్తు. ఈ రెండవ దానిని గురించి మాకు కలిగిన అనుభవమును విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకొంటున్నాము.

మా ప్రయోగశాలలో ఒకే రకపు పాత ల్యాప్‌టాప్‌లు ఎనిమిది ఉన్నవి. చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు వైపుల నుండి బస్సులలో వచ్చే విద్యార్థులు వాటిని వంతులవారీగా వాడుకొంటారు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మిగుల్చుకొనుటకు మూత మూస్తారు. మరల తెరిస్తే నల్లని తెర తప్ప ఏమియు ఉండేది కాదు. బలవంతముగా ఆర్పి వెలిగించవలసి వచ్చేది, దాచుకోని పని అంతయు పోయేది. గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు వాడే ఉర్దూ, తెలుగు మాటలను పట్టికగా వ్రాస్తున్న ఒక సోదరి ఈ విధముగా రెండు పూటల శ్రమను పోగొట్టుకొన్నది. ఆమె తండ్రి ఆ యార్డులోనే పని చేస్తారు. ఆయన నోట విన్న మాటలనే ఆమె మరల అడిగి వ్రాసుకోవలసి వచ్చినది. ఈ యంత్రములను పాత సామానుగా అమ్మివేయుట మేలని ఆలోచన సాగింది. మేము పదిహేను రోజుల గడువు కోరాము.

ఆ యంత్రములలో ఉన్నది లినక్స్. హెల్సింకీ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని ప్రారంభించినారు. దీని మూలము ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. దీని నడిబొడ్డున ఉండే కెర్నెల్‌లో కీబోర్డుకు, తెరకు, వైఫైకి, ఇలా ప్రతి పరికరమునకు ఒక డ్రైవర్ ఉంటుంది. గాఢనిద్రలో ముఖ్యముగా జ్ఞాపకశక్తికి, అనగా ర్యామ్‌కు, విద్యుత్తు అందుతుంది. తక్కిన పరికరములలో అనేకము తమ స్థితిని మరచిపోతాయి. అందుచేత నిద్రకు ముందు పరికరపు స్థితిని భద్రపరచుట, మేల్కొనగానే దానిని తిరిగి అప్పగించుట డ్రైవర్ విధి.

ఇది మన ప్రాంతమునకు కొత్త సంగతి కాదు. వేసవిలో రైతు తన మిర్చి టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి రసీదు తీసుకొంటాడు. నెలల తరువాత అదే సరుకు, అదే లెక్క ప్రకారము చేతికి రావలెను. ఉర్దూలోను తెలుగులోను దీనికి మనము అమానతు అనే మాటనే వాడుతాము. నిద్రించే పరికరపు స్థితి డ్రైవర్ చేతిలో అమానతు.

తప్పు ఏ డ్రైవర్‌ది? దీనిని క్రమముగా తేల్చుటకు కెర్నెల్‌లోనే పీఎం_టెస్ట్ అనే సాధనము ఉన్నది. అది నిద్ర యొక్క ప్రయాణమును అయిదు మజిలీలుగా విభజిస్తుంది. మొదట నడుస్తున్న పనులను స్తంభింపజేయుట, తరువాత పరికరములు, వేదిక, ప్రాసెసర్లు, చివరకు కేంద్రభాగము. కోరిన మజిలీలో అయిదు క్షణములు నిలిపి వెనుకకు తెస్తుంది. మేము అయిదింటిని పరీక్షించాము. అన్నింటిలోను యంత్రము చక్కగా మేల్కొన్నది! అసలు నిద్రలో మాత్రము చిక్కుకొన్నది. కారణము తరువాత బోధపడినది. ఈ పరీక్షలలో నిద్ర ఒక అభినయము, విద్యుత్తు నిజముగా తెగదు. విద్యుత్తు తెగినప్పుడే కనిపించే దోషము వీటికి దొరకదు.

నల్లని తెర ముందు ఆనవాలు దొరుకుట ఎట్లు? 2006లో టోర్వాల్డ్స్ స్వయముగా చేర్చిన పీఎం_ట్రేస్ అనే ఉపాయము ఇక్కడ అక్కరకు వచ్చినది. మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీతో నడిచే గడియారము ఎన్నడును నిద్రపోదు. మేల్కొనే కెర్నెల్ తాను చేరిన ప్రతి అడుగు గుర్తును ఆ గడియారములో తేదీ, సమయముల రూపమున వ్రాస్తుంది. యంత్రము చిక్కుకొనగానే ఆలస్యము చేయక దానిని ఆర్పి వెలిగించవలెను. అప్పుడు తేదీ అస్తవ్యస్తముగా ఉంటుంది గాని, ఆ అంకెలు ఏ పరికరమునకు సరిపోతాయో కెర్నెల్ తన చిట్టాలో చెపుతుంది. మూడు యంత్రములలో చూశాము. మూడింటిలోను వైఫై పరికరమే తేలినది. నిద్రకు ముందు ఆ డ్రైవర్‌ను తొలగించి చూడగా యంత్రము తిన్నగా మేల్కొన్నది.

తరువాత డ్రైవర్ మూలమును వరుస వెంబడి చదివాము. వైఫై చిప్ నడుచుటకు ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాము దాని కడుపులో ఉండవలెను. విద్యుత్తు తెగినప్పుడు అది చెరిగిపోయేది. డ్రైవర్ మాత్రము అది ఉన్నదనుకొని చిప్‌కు ఆజ్ఞ పంపి, బదులు కొరకు హద్దు లేకుండ వేచి ఉండేది. బదులు రాదు, నిరీక్షణ తీరదు, యంత్రమంతయు దాని వెనుక నిలిచిపోయేది. దిద్దుబాటు రెండు భాగములు. నిరీక్షణకు ఒక గడువు పెట్టుట, గడువు దాటితే ఫర్మ్‌వేర్‌ను మరల ఎక్కించుట. వ్రాసినది కొద్ది వరుసలే.

ఒకసారి మేల్కొన్నంత మాత్రమున సంతోషింపరాదు. ఆర్‌టీసీవేక్ అనే సాధనముతో ఒక యంత్రమును రాత్రంతయు నూరు పర్యాయములు నిద్రపుచ్చి లేపాము. నూరు పర్యాయములును అది లేచినది. పిదప మా దిద్దుబాటును ఆ డ్రైవర్ బాధ్యులకు జాబుగా పంపాము. 2004 నుండి ఇట్టి ప్రతి దిద్దుబాటు క్రింద, దానిని పంపుటకు తమకు హక్కు ఉన్నదని పంపినవారు పేరుతో ఒప్పుకొనవలెను. మా పేర్లు వ్రాయునప్పుడు పరీక్ష పత్రము మీద వ్రాసినప్పటి కంటె ఎక్కువ బాధ్యత తోచినది.

ఎనిమిది యంత్రములు నేడు వాడుకలో ఉన్నవి. మేము అనుసరించిన క్రమమును ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ప్రయోగశాల గోడకు అంటించాము. కమిటీ పెద్దలకు ఒక మనవి. ఇకముందు ఏ యంత్రమునైనను పారవేయక ముందు, పదిహేను రోజులు విద్యార్థుల చేతికి ఇప్పించగోరుచున్నాము.