ఉండేవాళ్ళ చేతికి

సిద్దిపేటకు రైలొచ్చాక నేను మా ఊరికి వెళ్ళడం ఇదే మొదటిసారి. 2023 అక్టోబరు 3న మొదలైన ఈ రైలు మనోహరాబాద్ దగ్గర పాత లైను వదిలి గజ్వేల్ మీదుగా పోతుంది. చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో కరీంనగర్ బస్సెక్కి శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్ దాటుతుంటే కిటికీలోంచి మక్కచేన్లు, పత్తిచేన్లు, మధ్య మధ్య బీడు భూములు కనిపించేవి. ఈసారి సంక్రాంతి వెళ్ళిన వారంలో వచ్చాను. పట్టాలకు అటూ ఇటూ యాసంగి నాట్లు సాగుతున్నాయి. కొండపోచమ్మ సాగర్, మల్లన్న సాగర్, రంగనాయక సాగర్ జలాశయాలు వచ్చాక ఈ మెట్టనేల తీరే మారింది.

నేను ఇంగ్లండ్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తాను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టడం, నిలబెట్టడం, బిగుసుకుపోయిన చేతులూ కాళ్ళూ వదులు చేయడం నా ఉద్యోగం. ఈ సెలవంతా సిద్దిపేట దగ్గరి ఒక పిల్లల ఆశ్రమంలో ఆ పనే చేద్దామని బయలుదేరాను. రావడానికి ముందే పోలీసు ధ్రువపత్రం పంపి, జిల్లా బాలల సంరక్షణ అధికారుల అనుమతి తీసుకున్నాను. అక్కడ ఉండే పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్ళే ఎక్కువ. మన దేశంలో ఇలాంటి సంస్థ ఏదైనా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. పిల్లలెవరినైనా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచి, ఆ సమితి ఉత్తర్వు మీదనే చేర్చుకోవాలి.

ఎదుటి సీట్లో ఒక పెద్దమ్మ కూర్చుంది. నుదుటి నిండా బండారు, ఒళ్ళో సంచి. సిద్దిపేటలో దిగి కొమురవెల్లి మల్లన్న జాతరకు పోతుందట.

"నువ్వేడికి బిడ్డా?" అని అడిగింది. చెప్పాను.

"మంచి పని. పుణ్యమొస్తది" అంటూ నా చెయ్యి పట్టుకుంది.

ఆమె మనసారా అన్న మాట అది. ఆశ్రమాలకు మనం పోయేది చాలావరకు ఆ పుణ్యం కోసమే. ఆ పుణ్యంలో పిల్లలకు అందేదెంత అన్న ప్రశ్న తర్వాత రోజుల్లో నన్ను వదలలేదు.

ఆశ్రమం ఊరి చివర ఉంది. రెండు పెద్ద గదులు, పొడుగాటి వరండా, వెనకాల వేపచెట్టు. పిల్లల్లో కొందరికి మెదడు ఎదగలేదు, కొందరికి చూపు లేదు, కొందరు పుట్టినప్పటి నుంచి లేచి కూర్చోలేదు. అందరూ అనాథలేమీ కాదు. రిజిస్టరు చూస్తే కొందరికి తల్లి ఉంది, కొందరికి తండ్రి ఉన్నాడు, ఒక పాపకు నాయనమ్మ ఉంది. ఇంట్లో చూసుకునే దిక్కులేకనే ఇక్కడికి చేరారు.

మొదటి రోజు మధ్యాహ్నం అన్నాల వేళ వరండాలో నిలబడి చూశాను. ఆయమ్మ ఒక్కతే. తినిపించాల్సిన నోళ్ళు చాలా. పిల్లల్ని చాపల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పలుచగా కలిపిన పప్పన్నం చెంచాతో గబగబా పెడుతోంది. పొలమారుతున్నా, దగ్గుతున్నా ఆగే వీలు లేదు, పక్క పిల్ల ఏడుస్తోంది. మింగడం సరిగా రాని బిడ్డకు పడుకోబెట్టి తినిపిస్తే మెతుకూ నీళ్ళూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తరచూ జ్వరం, గురక, న్యుమోనియా వచ్చేది చాలాసార్లు దీనివల్లే. ఈ పిల్లల ప్రాణం మీదికి వచ్చేది వైకల్యం కన్నా ముందు అన్నం పెట్టే తీరుతోనే.

కాబట్టి వ్యాయామాల కన్నా ముందు కుర్చీల పని పెట్టుకున్నాను. మా చిన్నమ్మ వాళ్ళ వీధిలోని వడ్లాయనను పిలిపించాను. ప్లైవుడ్ ముక్కలతో మూల కుర్చీలు చేయించాం. వీపుకు రెండు పక్కలా ఆనుడు, కాళ్ళ మధ్య చిన్న దిమ్మె, ముందు ఒక పలక. తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో మడిచి ఉండాలని చెబితే ఆయన ఒక్కో బిడ్డ తొడ కొలత, పిక్క కొలత బద్దతో తీసుకుని, ఎవరి కుర్చీ వాళ్ళకు కోసిచ్చాడు. "పెరిగే పిల్లలు గద మేడం, కింది పలక జరిగేటట్టు పెడత" అని తనే ఉపాయం చెప్పాడు. విదేశాల్లో వేల రూపాయలు పోసి కొనే కుర్చీలో ఉండే ముఖ్య సదుపాయం అదే.

కుర్చీలు వచ్చాక తినిపించడం నేర్పాను. తల వెనక్కి వాలకుండా, గడ్డం కాస్త కిందికి ఉండాలి. చెంచా ఎదురుగా, నోటికి కింది నుంచి రావాలి. నాలుక మీద కొద్దిగా నొక్కి, పెదవులు మూసేదాకా ఆగాలి. మింగాక ఇంకో చెంచా. జావ చిక్కగా ఉండాలి. తిన్న తర్వాత అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. వినడానికి సులువే గాని, అంత ఓపిక ఒక్క మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద పిల్లలు ముగ్గురు సాయానికి వచ్చారు. చూపులేని ఒక అమ్మాయి తన వేళ్ళతో పక్కబిడ్డ గొంతు తాకి, మింగిందో లేదో చెప్పడం మొదలుపెట్టింది. నాలుగైదు పూటలకల్లా ఆయమ్మ నాకన్నా బాగా చేసింది. రాత్రిపూట వచ్చే ఇంకో ఆయమ్మకు తనే నేర్పింది.

ఆదివారాలు ఆశ్రమం నిండిపోయేది. పుట్టినరోజులకు కేకులు, బిర్యానీలు వచ్చేవి. వచ్చినవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ముద్దాడేవాళ్ళు, ఫొటోలు దిగేవాళ్ళు. వాళ్ళ ప్రేమలో కల్మషం లేదు. సాయంత్రానికి గేటు మూతపడేది. రాత్రి పిల్లలు ఎంతకీ పడుకునేవాళ్ళు కాదు. ఒకరోజు చాపలు దులుపుతూ ఆయమ్మ నన్ను అడిగింది.

"మీరు గూడ పోతరు గద మేడం? అచ్చినోల్లందరు మంచోల్లే. ఎత్తుకుంటరు, ఆడిపిస్తరు, పోతరు. ఆ మరునాడు ఈ పోరగాడు బువ్వ ముట్టడు. గేటు దిక్కే సూస్తడు."

ఆయమ్మ కళ్ళారా చూసి చెప్పిన ఈ సంగతిని ప్రపంచం రొమేనియాలో చాలా ఖరీదుకు తెలుసుకుంది. చౌషెస్కు ప్రభుత్వం 1966లో గర్భస్రావాన్ని నిషేధించింది. పెంచలేని పిల్లలతో ప్రభుత్వ ఆశ్రమాలు నిండిపోయాయి. 1989 డిసెంబరులో ఆ పాలన కూలేనాటికి లక్షమందికి పైగా పిల్లలు అక్కడ ఉన్నారు. వైకల్యం ఉన్నవాళ్ళను మూడేళ్ళ వయసులో "బాగుపడనివాళ్ళు" అని విడదీసి, మంచాలకే పరిమితం చేసే వేరే చోట్లకు పంపేవారు. ఆ దృశ్యాలు టీవీల్లో చూసి ఎన్నో దేశాల నుంచి స్వచ్ఛంద సేవకులు పరుగెత్తుకెళ్ళారు. వాళ్ళు ఎందరో ప్రాణాలు నిలబెట్టారు. 2000లో బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే శాస్త్రవేత్తలు ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. ఆశ్రమంలోనే ఉన్నవాళ్ళకన్నా కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లల తెలివితేటలు మెరుగయ్యాయి. రెండేళ్ళలోపే వెళ్ళినవాళ్ళకు మరింత మేలు జరిగింది. పసిబిడ్డ మెదడుకు అన్నం ఎంత అవసరమో, రోజూ కనిపించే ఒక ముఖం కూడా అంతే అవసరమని తేలింది.

2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కుల తీర్మానంలో, అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట సాగే పర్యటనల వల్ల పిల్లలకు జరిగే హానిని గుర్తించి, దాన్ని అరికట్టాలని దేశాలను కోరింది. అయితే వైకల్యం ఉన్న పిల్లలకు ఫిజియోథెరపీ, మాటల శిక్షణ తెలిసినవాళ్ళు కావాలి, అలాంటివాళ్ళు జిల్లాల్లో తక్కువ. మరి బయటివాళ్ళు రావాలా వద్దా? ఆయమ్మ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఒక్కటే. వచ్చేవాళ్ళు తమ విద్యను ఉండేవాళ్ళ చేతికి ఇచ్చి పోవాలి. ఆ రోజు నుంచి పిల్లల్ని ముందు ఆయమ్మ ఎత్తుకునేది, నేను పక్కన నిలబడి చెప్పేదాన్ని. పిల్లలు నవ్వితే ఆమెను చూసి నవ్వాలని అలా చేశాం.

మన తెలుగునేల మీద దీనికి పెద్ద ఉదాహరణ అనంతపురం. బార్సిలోనాకు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థను, అంటే ఆర్‌డీటీని స్థాపించారు. 2009లో కన్నుమూసేదాకా ఆ నేలను వదల్లేదు. స్పెయిన్‌లోని వేలాదిమంది దాతలు డబ్బు పంపారు, ఎందరో చూడ్డానికి వచ్చి వెళ్ళారు. ఊళ్ళలో వికలాంగుల సంఘాలు కట్టిందీ, బడుల్లో పాఠాలు చెప్పిందీ మాత్రం ఎక్కువగా ఆ జిల్లా మనుషులే. అందుకే ఆ పని నిలబడింది.

ఒక సెలవు దినాన చేర్యాలకు వెళ్ళాను. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు ఇది సిద్దిపేట జిల్లాలో కలిసింది. నకాశీ కళాకారుల ఇళ్ళ ముందు ఎర్రటి నేపథ్యం మీద పసుపు, నీలం బొమ్మలు వెలిగిపోతుంటాయి. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చేసిన మాస్కులు కొన్నాను. మెదడు దెబ్బతిని చూపు మందగించిన పిల్లల్లో చాలామంది ఎరుపును, పసుపును ముందు గుర్తుపడతారు. ఆశ్రమంలో ఒక మాస్కును కుడివైపు, ఒకటి ఎడమవైపు తగిలించి, కుడివైపుది "నీళ్ళు" అనీ, ఎడమవైపుది "బయటికి" అనీ నేర్పసాగాం. మాటలు రాని ఒక పిల్లవాడు కొన్నాళ్ళకు కుడివైపు చూపు నిలిపాడు. ఆయమ్మ గ్లాసు అందించింది. అడిగి తాగిన నీళ్ళు అవి.

తర్వాత భవిత కేంద్రం చూశాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ప్రభుత్వం నడుపుతున్న కేంద్రాలివి. ప్రత్యేక ఉపాధ్యాయులు పాఠాలు చెబుతారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ ఉంటుంది, మంచం దిగలేని పిల్లల ఇంటికి టీచరే వెళ్తుంది. అలా వెళ్తున్న టీచరు బండి వెనక కూర్చుని దుబ్బాక వైపు ఒక ఊరికి పోయాను.

ఆ ఇంట్లో తల్లి చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన గొంగడి మీద ఆరేళ్ళ కొడుకు. కాళ్ళు కత్తెరలా ముడుచుకుపోయాయి. సదరం సర్టిఫికెట్ ఉంది, ఆసరా పింఛను వస్తోంది. టీచరు కాళ్ళు సాగదీస్తుంటే తల్లి నన్ను అడిగింది.

"పట్నంల ఆస్టల్ల ఏస్తె మంచిగుంటడా మేడం?"

"నీకేం కావాలని ఉందమ్మా?" అన్నాను.

ఆమె చుడుతున్న బీడీ ఆపింది. "నా తాననే ఉండాలె. నేను పనికి పోతె రెండు గంటలు ఎవలన్న సూసుకుంటె సాలు."

ఆ రెండు గంటల చూపు దొరక్క బిడ్డ ఇల్లు వదలాల్సి వస్తుంది. వైకల్యం కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరుచేయకూడదని, అవసరమైతే కోర్టు ఉత్తర్వుతోనే చేయాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. మనకు చట్టం ఉంది, టీచరు ఉంది, పింఛను ఉంది. ఆ రెండు గంటల మనిషి లేదు. ఆశ్రమం రిజిస్టరులో నేను చూసిన నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకూ ఇలాంటి తోడే దొరికి ఉంటే ఆ పాప ఇవాళ ఆమె పక్కనే పడుకునేది.

నేను తిరిగి వచ్చేముందు ఆశ్రమంలో పెద్దగా వీడ్కోలేమీ పెట్టుకోలేదు. ఆయమ్మ పిల్లలకు తినిపిస్తున్న వేళకు బయలుదేరాను. ఇప్పుడు వారానికోసారి వీడియోలో ఆయమ్మా, భవిత టీచరూ నాతో మాట్లాడతారు. బిగుసుకున్న చేయి ఎలా ఉంది, కుర్చీ పలక జరపాలా అన్నవే మా మాటలు.

విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది సెలవుల్లో ఇలాంటి సేవ చేయాలనుకుంటారు. వాళ్ళకు నా విన్నపం ఇది. వెళ్ళేముందు ఆ సంస్థ రిజిస్టరైందా, పిల్లల్ని కన్నవాళ్ళ దగ్గరికి తిరిగి పంపే ప్రయత్నం చేస్తోందా, మీరు వెళ్ళాక మీ పనిని కొనసాగించేదెవరు అని అడగండి. పిల్లల ముఖాలు ఫొటోలు తీసి నలుగురికీ పంచకండి, వాళ్ళ గుర్తింపు బయటపెట్టడం చట్టరీత్యా నేరం కూడా. చేతిలో విద్య ఉంటే అది ఆయమ్మకు, తల్లికి, టీచరుకు నేర్పండి. డబ్బు ఉంటే కేకులు మాని, ఇంకో ఆయమ్మ జీతం భరించండి, ఊళ్ళో ఒక తల్లికి ఆ రెండు గంటల తోడు ఏర్పాటు చేయండి. బిడ్డను పెంచే మనసు ఉంటే దత్తతకు దరఖాస్తు చేయండి. దత్తత నిబంధనల్లో ఎన్నారైలకు ఇక్కడ ఉండేవాళ్ళతో సమాన స్థానమే ఉంది. ప్రత్యేక అవసరాలున్న మన పిల్లల్ని ఎక్కువగా విదేశీ కుటుంబాలే దత్తత తీసుకుంటున్నాయి. వాళ్ళ కోసం మన ఇళ్ళ తలుపులు కూడా తెరుచుకోవాలి.